ఎండని పేజీ

నమోదు 1. సోమవారం.

దీపాలు నలభై. ఒకటి వెలగడం లేదు. మిరప మొక్కలు బాగున్నాయి. మూడో మడిలో ఆకుముడత కనిపిస్తోంది.

ఇది దీపాల యంత్రంలోని పని చిట్టా. ఇందులో దీపాలు, మొక్కలు, నీళ్ళు తప్ప మరేమీ రాయకూడదు. అయితే దీన్ని ఎవరూ చదవరు. నెల తిరిగేసరికి పాత నమోదులు వాటంతటవే చెరిగిపోతాయి. భార్య పోయినవాళ్ళు రోజూ ఏదో ఒకటి రాసుకోవాలని డాక్టరుగారు చెప్పారు. ఏం రాయాలో చెప్పలేదు.

సాయంత్రం సలీమాగారు వచ్చారు. మా మిరపవీధి పలక ఆవిడ అధీనంలో ఉంటుంది. పలక అంటే పిల్లల పలక కాదు. పాత మెమరీ చిప్పులో ఒక ముక్క, వీధికి ఒకటి చొప్పున. భూమి నుంచి ఇక్కడికి, చంద్రుడి మీదికి, కొత్త చిప్పులు రావడం మానేశాక ఉన్నవాటినే జాగ్రత్తగా అరగదీసుకుంటున్నాం. పలకకి అరవైనాలుగు పేజీలు. పలకకి పేజీలేమిటని నేను చిన్నప్పుడు బడిలో అడిగాను. మాస్టారు చెవి మెలిపెట్టారు. ఆ తరవాత అడగలేదు.

పేజీలు వరసలోనే రాయాలి. ఒకదాన్ని వదిలి ముందుకు పోతే వెనక్కి రావడం కుదరదు. గోడ కట్టేటప్పుడు కింది ఇటుక పెట్టకుండా పై ఇటుక ఎలా పెడతారని సలీమాగారు అంటారు. రాసినది దిద్దకూడదు. ఒక్క పేజీని చెరపడం కూడా వీలుకాదు. చెరపాలంటే పలక మొత్తం కడగాలి. కడిగిన ప్రతిసారీ పలక కొంచెం అరుగుతుంది.

వైద్యశాలవాళ్ళు నా భార్య భ్రమరాంబ పేరున అరవైరెండో పేజీ తెరిచి నెలన్నర అయిందట. అది మరణం పేజీ. భర్తే నింపాలి. ఖాళీగా వదలకూడదు. వదిలితే మనిషి ఉన్నట్టో లేనట్టో తేలదు, నీళ్ళ వాటా తేలదు. రేపు వచ్చి నాలుగు ముక్కలు రాసి వెళ్ళమన్నారు ఆవిడ.

ఊఁ అన్నాను.

నమోదు 2. మంగళవారం.

దీపాలు అలాగే ఉన్నాయి.

పలక గదికి వెళ్ళాను. సలీమాగారు కుర్చీ తుడిచి వేశారు. పేరు దగ్గర భ్రమరాంబ అని కొట్టాను. తరవాతి గడిలో తేదీ. అక్కడ ఆగాను. ఆవిడ టీ తెప్పించారు. టీ తాగి వచ్చేశాను.

కారణం ఇది. మా వీధిలో ప్రతి మనిషికీ పలక మీద ఒక పేజీ ఉంటుంది. ఆ మనిషి గురించి కొత్త పేజీ రాస్తే పాతది ఎండుపేజీ అవుతుంది. అంతవరకు అది పచ్చిపేజీ. మిరపకాయలు పండించే వీధి కనక మాటలు అలా కుదిరాయి. పలక నిండితే కడుగుతారు. కడిగే ముందు పచ్చిపేజీలను, దానికి బదులుగా ఇచ్చే కొత్త పలక మీదకు ఎత్తుతారు. ఎండువి నీళ్ళపాలు.

భ్రమరాంబది పదిహేడో పేజీ. మేం ఈ ఇంట్లోకి మారినప్పుడు తనే స్వయంగా రాసింది. అందరి పేజీల్లోనూ చివర ఇతర విషయాలు అని ఒక పెద్ద గడి ఉంటుంది. దాన్ని అందరూ ఖాళీగా వదిలేస్తారు. నేనూ వదిలేశాను. భ్రమరాంబ దాన్ని ఆఖరి అక్షరం దాకా నింపింది. అందులో వీధి పెద్దలకు ఒక ఫిర్యాదు ఉంది. ఆ ఫిర్యాదు నా మీద.

నేను అరవైరెండు రాస్తే పదిహేడు ఎండిపోతుంది. ఇక మిగిలినవి రెండు పేజీలు. అవి నిండితే కడుగుడే.

ఆ ఫిర్యాదును నా పేజీలో ఎక్కించుకోవచ్చా అని సలీమాగారిని అడిగాను. ఎక్కించుకోవచ్చట. కానీ నేను రాసినది నా రాత అవుతుంది, అప్పుడది నా మీద నేనే పెట్టుకున్న ఫిర్యాదుగా నమోదవుతుంది అన్నారు. అలాంటిది ఇంతవరకు ఎవరూ పెట్టలేదట.

నమోదు 3. బుధవారం.

వెలగని దీపం మార్చాను. ఇంకోటి పోయింది.

పక్కింటి నూకాలమ్మగారు మనవరాలిని ఎత్తుకుని వచ్చారు. పిల్ల పుట్టి నెల దాటింది. ఇంకా పేరు లేదు. పేరు ఉంది, కానీ పలక మీద ఎక్కేదాకా పైకి అనకూడదని మా వీధి ఆచారం. ఎప్పుడో ఎవరో ముందే పిలిచేశారట, పలక దగ్గర క్లర్కు వేరే పేరు రాసేశాడట, ఆ మనిషి చచ్చేదాకా రెండు పేర్లకీ పలకలేదట. అప్పటి నుంచి జాగ్రత్త. ఈ పిల్ల వంతు అరవైమూడు. అందుకని వీధివీధంతా దాన్ని అరవైమూడు అని పిలుస్తోంది.

"చూడు బాబూ, అరవైమూడూ అంటే తల తిప్పేస్తోంది," అన్నారు నూకాలమ్మగారు. "రేపు బళ్ళో వేస్తే పిల్లలు లెక్కల పుస్తకం అనుకోరూ?"

పేజీ లేదు కనక పిల్లకి నీళ్ళ వాటా కూడా లేదు. మా ఇంటికి మాత్రం రోజూ రెండు క్యాన్లు వస్తున్నాయి, పలక లెక్కలో మేం ఇంకా ఇద్దరం. భ్రమరాంబ క్యాను గుమ్మంలో పెట్టాను. నూకాలమ్మగారు ఏమీ అడక్కుండా పట్టుకెళ్ళారు. పోతూపోతూ, భ్రమరాంబ ఉంటే ఈపాటికి నన్ను తిట్టి ఆ పేజీ నింపించేదన్నారు.

అది నిజమే.

నమోదు 4. గురువారం.

మూడో మడికి వేపనూనె పట్టించాను.

బెనర్జీ భోజనానికి వచ్చాడు. గాలి పంపుల దగ్గర పనిచేస్తాడు. వాళ్ళ తాతగారు ఏ పెద్దమనిషి మీది అభిమానంతో ఆ పేరు పెట్టారో ఇప్పుడు ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. పేరు మాత్రం నిలిచింది. అతనిది అరవైనాలుగో పేజీ. ములగవీధి హైమతో పెళ్ళయి మూడు వారాలైంది, కానీ పేజీ ఎక్కితేగాని జంటకి గది ఇవ్వరు. ఆ అమ్మాయి ఆ వీధిలోనూ ఇతను ఈ వీధిలోనూ ఉన్నారు. రోజూ పంపుల గొట్టంలో మాట్లాడుకుంటున్నారు. ఆ గొట్టం ఆరు ఇళ్ళలో వినిపిస్తుంది.

నన్ను బతిమాలడానికి వచ్చానని ముందే చెప్పి కూర్చున్నాడు. రెండుసార్లు పప్పు వేయించుకున్నాడు. నాకు రాయడం కష్టంగా ఉంటే తను రాసిపెడతానని, రాసి కూడా తెచ్చానని, జేబులోంచి చిన్న తెర తీసి చదివాడు. సకల సద్గుణ సంపన్నురాలు, మితభాషిణి, శాంతమూర్తి అయిన శ్రీమతి భ్రమరాంబగారు అని మొదలైంది.

మితభాషిణి దగ్గర నేను చెయ్యెత్తి ఆపాను.

"ఆ మాట తీసేద్దామా బాబాయిగారూ?"

ఊఁ అన్నాను. తరవాత శాంతమూర్తి కూడా తీసేయమని సైగ చేశాను. ఇక మిగిలింది శ్రీమతి.

అతను వెళ్ళేటప్పుడు మజ్జిగ తాగి, రేపు మళ్ళీ వస్తానన్నాడు.

నమోదు 5. శుక్రవారం.

దీపాలు రాసే తీరిక లేదు.

బెనర్జీ భోజనానికి రాలేదు. అందుకు ఆశ్చర్యపోయాను. కారణం తరవాత తెలిసింది. సలీమాగారు అన్నం తినడానికి వెళ్ళిన సమయం చూసి, ఇతను పలక గదిలో దూరి, తన పెళ్ళి పేజీని నేరుగా అరవైనాలుగులో ఎక్కించబోయాడు. చివరి పేజీ కదా, తన తరవాత ఎవరూ లేరు కదా, చివర రాసుకుంటే ఎవరికి అడ్డం అని అతని తర్కం. బస్సులో వెనక సీటు పట్టుకున్నట్టు అనుకున్నాడు.

పలక ఆ పేజీని పట్టలేదు. కానీ కుదుపు తగిలింది. రాతకు పంపిన కరెంటు వెనక పేజీల్లోకి ఊరి, ఒకచోట అంకెలు దాచే చుక్కల్లో ఒకే ఒక్కటి తిరగబడింది. అది నూకాలమ్మగారి వయసు గడిలోది. నిన్నటిదాకా అరవైయేడు. ఇవాళ ఐదువందల డెబ్బైతొమ్మిది.

రాసినదాన్ని దిద్దకూడదు. కాబట్టి పలక ప్రకారం ఆవిడ వయసు అంతే.

నూకాలమ్మగారు కోప్పడతారనుకున్నాం. ఆవిడ వయసు ఇంకోసారి పెద్దగా చదవమన్నారు. తరవాత వీధిలో అందరికన్నా వయసులో పెద్దవాళ్ళు వీధిపెద్ద అవుతారన్న నియమం ఉందా లేదా అని అడిగారు. ఉందని సలీమాగారు ఒప్పుకోవలసివచ్చింది. ఇప్పటిదాకా వీధిపెద్దగా ఉన్న సన్యాసిరాజుగారికి ఎనభైరెండు.  ఆయన వీధిపెద్ద కర్ర నూకాలమ్మగారికిచ్చి, ఊపిరి పీల్చుకుని, పడుకోవడానికి వెళ్ళారు.

బెనర్జీ మొహం చూస్తే జాలేసింది. అన్నం పెట్టాను.

నమోదు 6. శనివారం.

కొత్తగా రెండు దీపాలు పోయాయి. కొత్తవి కావాలని అడగాల్సిన చోట అడిగాను.

సలీమాగారు ఇంటికే వచ్చారు. కుదుపు తగిలిన పలకని ఎక్కువ రోజులు నమ్మకూడదట. మంగళవారం కడిగేస్తారట. ఆలోగా మూడు పేజీలూ నిండాలి. మరణం పేజీ తెరిచి ఉండగా కడిగితే పలకని చెడ్డదిగా ముద్ర వేసి అవతల పెడతారు. చెడ్డ పలకకి వెంటనే బదులు ఇవ్వరు, మా వీధికి ఇంకోటి రావడానికి ఏడాది పడుతుంది. ఈ ఏడాదంతా అరవైమూడు అరవైమూడుగానే ఉంటుంది, బెనర్జీ గొట్టంలోనే కాపరం చేస్తాడు.

అలా జరగనివ్వనని చెప్పాను. రాస్తానన్నాను.

ఆవిడ లేవలేదు. ఇంకో చిక్కుంది అన్నారు. నియమాలు మళ్ళీ మొదటి నుంచి చదివారట. ఫిర్యాదు విచారించకుండా ఫిర్యాదీ పేజీ ముయ్యకూడదు. భ్రమరాంబ ఫిర్యాదును ఇంతవరకు ఎవరూ విచారించలేదు. సన్యాసిరాజుగారు అప్పట్లో చదివి, మొగుడూపెళ్ళాల సంగతి మనకెందుకని వదిలేశారట. కనక సోమవారం సాయంత్రం విచారణ. వీధి అంతా రావాలి. నేను మారానో లేదో వీధిపెద్ద అడుగుతారు. మారానంటే ఫిర్యాదు కొట్టేస్తారు. ఐదు నిమిషాల పని.

"మారలేదంటే?" అని అడిగాను.



"తేలని ఫిర్యాదు ఎండదు జోగారావుగారూ. మనిషి పేజీ ఎండినా, అది విడిగా పచ్చిగానే ఉంటుంది. కొత్త పలక మీదకి ఎత్తాలి. కడిగినప్పుడల్లా ఎత్తాలి."

అంటే వీధికి ఉన్న అరవైనాలుగు పేజీల్లో ఒకటి ఎప్పటికీ దానికే పోతుంది. పలక ఆ మేరకు తొందరగా నిండుతుంది, తొందరగా అరుగుతుంది. వీధిలో ఎవరూ దానికి ఒప్పుకోరని, తను కూడా ఒప్పుకోమని సలహా ఇవ్వనని ఆవిడ చెప్పారు. ఉద్యోగం అలాంటిది. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ, ఆ ఫిర్యాదు తను ఏడాదికోసారి తీసి చదువుకుంటానని కూడా చెప్పారు.

నమోదు 7. ఆదివారం.

బెనర్జీ నాకు మాట్లాడటం నేర్పించాడు.

విచారణలో నేను గలగలా మాట్లాడితే ఫిర్యాదు కొట్టేస్తారని, అందరికీ సుఖమని అతని ఆలోచన. ముందు తేలిక ప్రశ్నలు అన్నాడు. బాబాయిగారూ, ఇవాళ భోజనం ఎలా ఉంది? బాగుంది అన్నాను. ఇంకా పొడుగ్గా చెప్పమన్నాడు. చాలా బాగుంది అన్నాను. తల పట్టుకున్నాడు. పప్పు గురించి ఒక మాట, చారు గురించి ఒక మాట, వడ్డించినవాళ్ళ గురించి ఒక మాట విడివిడిగా చెప్పాలట. వడ్డించింది నేనేనని గుర్తుచేశాను. అది మంచి వాక్యమే, అలాంటివి ఇంకో పది చాలన్నాడు.

సాయంత్రానికి ఆరు వాక్యాలు కంఠతా పట్టాను. ఆరోదానిలో చంద్రుడి మీద మట్టి గురించి ఏదో ఉంది.

అతనికి గది కావాలి. అరవైమూడుకి పేరు కావాలి. నేను ఆ వాక్యాలు సోమవారం చెప్పేస్తాను. ఒక ఫిర్యాదు కోసం వీధి పలక అరగడం న్యాయం కాదు. నేను చదువుకున్నవాణ్ణి. నాకు తెలుసు.

నమోదు 8. సోమవారం.

విచారణ మిరప మడుల మధ్య జరిగింది, వీధిలో అందరూ పట్టే చోటు అదొక్కటే. నూకాలమ్మగారు నీళ్ళ క్యాను బోర్లించి దాని మీద కూర్చున్నారు. ఒడిలో అరవైమూడు, చేతిలో కర్ర. సలీమాగారు నిలబడి పదిహేడో పేజీ చదివారు. ఆవిడ కంఠం గవర్నమెంటు కంఠం. అయినా మాటలు ఎవరివో అందరికీ తెలిసిపోయింది. పేజీ నుంచి ఎత్తి ఇక్కడ రాస్తున్నాను. ఈ చిట్టా ఎలాగూ చెరిగిపోతుంది.

"వీధి పెద్దలకి భ్రమరాంబ చెప్పుకునేది. మా ఆయన మీద ఫిర్యాదు. ఏం అడిగినా ఊఁ అంటారు. కూరలో ఉప్పు సరిపోయిందా అంటే ఊఁ. ఎక్కువైందా అంటే ఊఁ. మొన్న గొట్టం పగిలి వంటగదిలో నీళ్ళు మడమల దాకా వచ్చాయి. ఏమండీ మునిగిపోతున్నాం అన్నాను. ఊఁ అని లుంగీ కొంచెం పైకి కట్టుకున్నారు. మాటలు రావా అంటే వచ్చు. మూడో మడి దగ్గర నిలబడి, ఏమ్మా ఒంట్లో బాలేదా అని మిరపమొక్కని అడుగుతుంటే చాటుగా విన్నాను. నేను మిరపమొక్కకి తీసిపోయానా? మనిషిని మార్చమని అడగడం లేదు. మనిషి మంచివారే, ఇంకో మనిషి నాకొద్దు. రోజుకి నాలుగు మాటలు ఇప్పించమని కోరుతున్నాను. ఇంకా చాలా రాయాలని ఉంది కానీ చోటు సరిపోవడం లే"

అక్కడితో గడి నిండిపోయింది. సలీమాగారు కూడా అక్కడే ఆపారు.

లుంగీ దగ్గర అందరూ నవ్వారు. మిరపమొక్క దగ్గర మూడో మడి వైపు తిరిగి చూశారు. చివర ఎవరూ నవ్వలేదు. అరవైమూడు మాత్రం ఏదో అంది.

నూకాలమ్మగారు సాక్షిని పిలవమన్నారు. నాలుగు రోజులుగా నా ఇంట్లో తింటున్నవాడు ఒక్కడే. బెనర్జీ లేచి నిలబడ్డాడు. ఈయన మాట్లాడతాడా అని అడిగారు ఆవిడ. మాట్లాడతాడు అంటే అతనికి రేపటికి గది. అతను నా వైపు చూశాడు, మడుల వైపు చూశాడు, తన చెప్పుల వైపు చూశాడు. నిన్న పొద్దుట నుంచి సాయంత్రం దాకా కష్టపడితే ఆరు వాక్యాలు వచ్చాయని, వాటిలో అయిదు తనవేనని చెప్పి కూర్చున్నాడు.

అప్పుడు ఆవిడ నన్ను అడిగారు.

"ఏం బాబూ. భ్రమరాంబ అడిగింది విన్నావుగా. మారావా?"

ఆరు వాక్యాలూ సిద్ధంగా ఉన్నాయి. మొదటిది పెద్దలకు నమస్కారంతో మొదలవుతుంది. నోరు తెరిచాను. అవి చెప్పడానికే తెరిచాను, ఆ సంగతి ఇక్కడ నిజంగా రాస్తున్నాను.

"ఊఁ," అన్నాను.

మడులన్నీ ఊగేలా నవ్వారు. సన్యాసిరాజుగారికి మెలకువ వచ్చింది. సలీమాగారు తెర అడ్డం పెట్టుకున్నారు. నూకాలమ్మగారు నవ్వలేదు. కర్రతో నేల మీద ఒకసారి కొట్టారు.

"ఐదువందల డెబ్బైతొమ్మిదేళ్ళు వచ్చాయి నాకు. ఇలాంటి మనిషిని చూళ్ళేదు. ఈయన మారలేదు. భ్రమరాంబ కోరింది ఇప్పించలేకపోయాం. కాబట్టి ఫిర్యాదు అలాగే ఉండాలి."

పేజీ ఒకటి పోతుందని సలీమాగారు గుర్తుచేశారు. అది ఆవిడ ఉద్యోగం.

"ఎవరికైనా అభ్యంతరమా?" అని నూకాలమ్మగారు వీధిని అడిగారు.

బెనర్జీ మొదట తల అడ్డంగా ఊపాడు. తరవాత ఒక్కొక్కరే. సలీమాగారు లెక్కపెట్టి, ఎంతకాలం ఎత్తమంటారని అడిగారు.

"ఆయన మాట్లాడేదాకా."

నమోదు 9. మంగళవారం.

దీపాలు నలభై. అన్నీ వెలుగుతున్నాయి.

పొద్దున్నే అరవైరెండు నింపాను. పేరు, ఇంటి నంబరు, తేదీ. ఇతర విషయాల గడిలో, ఫిర్యాదు చూడండి, అని రాశాను. సలీమాగారు మీట నొక్కారు. పేజీ పట్టింది.

అరవైమూడు రాస్తుండగా నూకాలమ్మగారు పిల్ల పేరు మొదటిసారి పైకి అన్నారు. అమృతవల్లి. పిల్ల పలకలేదు. అరవైమూడూ అంటే చటుక్కున తిరిగింది. అమృతవల్లికి ఇవాళ్టి నుంచి సొంత క్యాను. మా ఇంటికి ఇక ఒకటే వస్తుంది. నూకాలమ్మగారు పాత ఖాళీ క్యాను కడిగి తెచ్చి, ఉన్నచోటే మళ్ళీ పెట్టి వెళ్ళారు.

అరవైనాలుగు బెనర్జీది. సలీమాగారు అతన్ని గదిలోకి రానివ్వలేదు, గుమ్మంలోంచే వివరాలు అడిగారు. సాయంత్రానికి గది ఇచ్చారు. భోజనానికి ఇక రాడు. రేపటికి వాళ్ళిద్దరూ నన్నే పిలిచారు. వడ్డించినవాళ్ళ గురించి ఒక మాట చెప్పాలని షరతు.

తరవాత పలక కడిగారు. అందరం నిలబడి చూశాం. చూడటానికి ఏమీ లేదు, ఒక చిన్న దీపం ఆరి వెలిగింది. అంతే. కొత్త పలక మీదకు ఎత్తేటప్పుడు వయసు మళ్ళీ అడిగి రాస్తారు కనక, ఐదువందల డెబ్బైతొమ్మిదేళ్ళూ కొట్టుకుపోయాయి. నూకాలమ్మగారు కర్ర తిరిగి ఇవ్వబోతే సన్యాసిరాజుగారు తీసుకోలేదు.

కొత్త పలకలో భ్రమరాంబ ఫిర్యాదు అయిదో పేజీలో ఉంది. తీసి చూపించారు. చివర, చోటు సరిపోవడం లే, దాకా అంతా సరిగ్గా ఉంది. ఒక్క చుక్క పోలేదు. సరిగ్గా వచ్చిందా అని సలీమాగారు అడిగారు. ఊఁ అన్నాను. ఆవిడ అది కూడా నమోదు చేసుకున్నారు.

ఇంటికి వచ్చి వంట చేశాను. తింటూ భ్రమరాంబకి అంతా చెప్పాను. పప్పు గురించి, చారు గురించి, బెనర్జీ ఆరు వాక్యాల గురించి, సన్యాసిరాజుగారి నిద్ర గురించి. మూడో మడి కోలుకుంటోందని చెప్పాను. ఒకచోట నేనే నవ్వాను. చారు చల్లారిపోయింది. మళ్ళీ వేడిచేసుకుని మిగతాది చెప్పాను.

ఈ సంగతి సలీమాగారికి తెలియకూడదు. తెలిస్తే ఫిర్యాదు కొట్టేస్తారు.